గీత సీదాగనే ఉంది

వీరభద్రం ఇంట్లో కంప్యూటర్ మొరాయించిందని తెలిస్తే కాజీపేట లోకో పైలట్లకు ఆ రోజు పండగే. పాతికేళ్లుగా గూడ్స్ బండి నడుపుతున్న మనిషి, ఎప్పుడో ఒకనాడు రెస్టు దొరికితే హాయిగా కాళ్లు చాపుకుని పడుకోక, ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని మళ్లీ గూడ్స్ బండే నడుపుతాడంటే ఎవరు మాత్రం ఊరుకుంటారు? "ఇంట్ల నడిపినందుకు గూడ రెస్టు ఇస్తరా అన్నా?" అని అడిగేవాళ్లు. ఆయన నవ్వేసి ఊరుకునేవాడు. ఖాళీ ఇంట్లో పడుకుంటే నిద్ర రాదని వాళ్లకు చెప్పుకుని ఏం లాభం?

అది రైలు నడిపే ఆట. తెర మీద ఇంజను అద్దం, అద్దం ముందు పట్టాలు, పట్టాల పక్కన సిగ్నళ్లు. ఎవరో ఓపిక గలవాళ్లు కాజీపేట నుంచి బల్లార్షా దాకా లైనంతా అందులో కట్టిపెట్టారు. హసన్‌పర్తి దాటాక కనబడే తాటిచెట్లు కూడా వదిలిపెట్టలేదు. కంప్యూటర్ మాత్రం పాతది, పదేళ్లు దాటింది. దాని పొట్టలో, ఇలాంటి ఆటల బొమ్మలను గబగబా గీసి తెర మీదికి పంపడానికి వేరే గ్రాఫిక్స్ కార్డు ఒకటి బిగించి ఉంది.

భార్య రమ ఉన్నప్పుడు ఆ ఆటలో ఇద్దరు మనుషులు ఉండేవారు. ఇంజనులో ఒక పద్ధతి ఉంది. సిగ్నల్ కనబడగానే ఒకరు దాని రంగు గట్టిగా చెప్పాలి, పక్కనున్న మనిషి తన కళ్లతో చూసి అదే మాట మళ్లీ గట్టిగా చెప్పాలి. లోకో పైలట్‌కు అసిస్టెంట్ తోడుండేది ముఖ్యంగా ఇందుకే. వీరభద్రం ఇంట్లో ఆడుతున్నప్పుడు కూడా నోరు ఊరుకోక "డబుల్ ఎల్లో!" అని అరిచేవాడు. వంటింట్లో పోపు వేస్తున్న రమ తెర వంక చూడనైనా చూడకుండా "డబుల్ ఎల్లో!" అని అందుకునేది.

"చూడకుంటనే చెప్తవా? నిన్ను సస్పెండ్ చెయ్యాలె" అనేవాడు.

"చెయ్యున్రి. రేపటి సంది మీరే వండుకోన్రి" అనేది.

రమ పోయి రెండేళ్లయింది. పిల్లలు లేరు. రైల్వే క్వార్టర్‌లో రెండు గదులు, ఒక వంటిల్లు, ఆయన. ఇప్పుడు కూడా సిగ్నల్ కనబడితే అరుస్తాడు. అరిచాక ఒక్క క్షణం ఆగుతాడు. వంటింట్లోంచి ఏమీ వినబడదు. అప్పుడు బండి ముందుకు తోస్తాడు.

ఇక అసలు సంగతి. వారం రోజుల కింద కంప్యూటర్ అప్‌డేట్ అడిగింది. ఈయన "సరే" నొక్కాడు. ఇంకోటి అడిగింది. దానికీ "సరే". మూడోదానికీ "సరే". ఎక్కువ వేస్తే ఎక్కువ మంచిదని ఆయన లెక్క. జ్వరానికి మూడు రకాల గోలీలు ఒకేసారి మింగే రకం మరి. మర్నాటి నుంచి తెర వణకడం మొదలుపెట్టింది. నిమిషానికోసారి నల్లబడి మళ్లీ వెలిగేది. పట్టాల మీదుగా అడ్డంగీతలు పాకేవి. ఆట మధ్యలో దానంతట అదే మూసుకుపోయేది.

ఇంకెవరికైనా అయితే విసుగు పుట్టేది. వీరభద్రానికి భయం పుట్టింది. ఎందుకంటే ఆ గీతల మధ్య ఇంకో సంగతి ఉంది. నిటారుగా పోవాల్సిన పట్టా, సరిగ్గా ఆయన చూపు ఆనిన చోట, కొంచెం వంగినట్టు ఉంది. ఆ వంగిన చోట పలచగా మబ్బు. అది తెరలో ఉందా, తన కంట్లో ఉందా?

యాభై ఒకటో ఏడు, ఆరేళ్లుగా షుగర్ గోలీలు. కళ్లు పోతే ఇంజను పోయినట్టే. చూపు తగ్గిన లోకో పైలట్‌ను రైల్వే వెళ్లగొట్టదు, కుర్చీలో కూర్చోబెడుతుంది. పోయినేడు యాకయ్యకు అలాగే అయింది. ముప్పై ఏళ్లు ఇంజనులో ఉన్న మనిషి ఇప్పుడు ఒక గదిలో రిజిస్టర్లు అందిస్తున్నాడు. ఒకనాడు చాయ్ తాగుతూ అన్నాడు: "అన్నీ మంచిగనే ఉన్నయ్ వీరన్నా. ఫ్యాను ఉంది, నీళ్లు ఉన్నయ్. పొద్దంత ఒక్కడు గూడ నాతోని మాట్లాడడు, గంతే." వీరభద్రానికి ఆ మాట గుండెలో ముల్లులా దిగింది. ఈ లోకంలో తను ఒక మాట అంటే తిరిగి ఆ మాట అనే చోటు ఇంజను ఒక్కటే మిగిలింది. అదీ పోతే ఇక గోడలే.

ఇంట్లో ఇంకో మనిషి ఉంటే ఇదంతా ఒక్క నిమిషం పని. "ఇటు రా, ఈ గీత వంగిందా చూడు" అంటే సరిపోయేది. ఆ ఇటు వచ్చే మనిషే లేదు. పక్క క్వార్టర్ వాళ్లను పిలవొచ్చు. కానీ రైల్వే కాలనీలో ఒకరి కళ్ల సంగతి పొద్దున పక్కింట్లో చెబితే మధ్యాహ్నానికి స్టేషన్‌లో ఉంటుంది.

రెస్టు రోజు పొద్దున్నే హనుమకొండ శ్యాంసుందర్‌కు ఫోన్ చేశాడు. ఆ కార్డు బిగించింది శ్యాంసుందరే, చౌరస్తా దగ్గర కంప్యూటర్ రిపేరు దుకాణం.

"తమ్మీ, జర ఇంటి దాకా రారాదు."

"ఇయ్యాల కాదన్నా, దుకాన్ల మనిషి లేడు. స్క్రీన్ ఫోటో తీసి పెట్టు, సూసి చెప్త."

ఫోటో తీసి పంపాడు. రెండు నిమిషాలు ఫోను చేతిలో పట్టుకుని గదిలో అటూ ఇటూ తిరిగాడు. అది మోగింది.

"అరె, ఏందన్నా గిన్ని గీతలు!"

"నీక్కూడ కనపడ్తున్నయా?"

"గుడ్డోనిగ్గూడ కనపడ్తయన్నా."

వీరభద్రం మంచం మీద కూలబడి నవ్వాడు. వారం రోజుల తర్వాత నవ్వడం అదే. కళ్లు కావు! కంప్యూటరే! అవతల శ్యాంసుందర్‌కు ఇందులో నవ్వేదేముందో అర్థం కాక, "అన్నా, ఉన్నవా?" అని రెండుసార్లు అడిగాడు.

జబ్బేమిటో కూడా శ్యాంసుందరే చెప్పాడు. ప్రతి కార్డుకూ ఏం చెయ్యాలో చెప్పే చిన్న ప్రోగ్రాం ఒకటి ఉంటుంది, డ్రైవర్ అంటారు. ఈ కంప్యూటర్‌లో అంతకు ముందు వేరే కంపెనీ కార్డు ఉండేది. అది కాలిపోతే తీసేసి ఇది బిగించారు కానీ, పాతదాని డ్రైవర్‌ను ఎవరూ తీసెయ్యలేదు. ఇన్నాళ్లూ అది ఓ మూల పడుకుని ఉంది. మొన్న ఈయన "సరే, సరే" అనడంతో అది లేచింది, పైన కొత్తది ఇంకోటి వచ్చి కూర్చుంది. ఈ కార్డు సొంత డ్రైవర్‌తో కలిపి ఇప్పుడు ఒకే కార్డు మీద మూడు పెత్తనాలు.

"మూడింటినీ తీసెయ్యి. ఈ కార్డుకు సరిపొయ్యే పాత డ్రైవర్ నీకు పెన్ డ్రైవ్‌ల వేసిచ్చిన, అది ఒక్కటే ఎక్కియ్యి. ఫికర్ చెయ్యకన్నా, అయితది" అని శ్యాంసుందర్ ఫోన్ పెట్టేశాడు.

ఇంజను దారిలో మొరాయిస్తే ఏ వరసలో ఏం చూడాలో రాసి ఉండే చిన్న పుస్తకం ఒకటి ప్రతి లోకో పైలట్ సంచీలోనూ ఉంటుంది. ఒకసారికి ఒకటే పని. చేసి, చూసి, రాసుకుని, అప్పుడు రెండోది. వీరభద్రం కంప్యూటర్‌ను కూడా అలాగే పట్టుకున్నాడు. ఒక తెల్ల కాగితం తీసుకుని పైన తారీఖు, టైము వేశాడు. స్విచ్ ఆపి, డబ్బా విప్పి, పెయింట్ బ్రష్‌తో దుమ్ము దులిపాడు. కార్డును ఊడదీసి, బంగారు రంగు పళ్లు పాత బనీను గుడ్డతో తుడిచి, టక్కుమనేదాకా నొక్కి పెట్టాడు. మానిటర్ తీగ కార్డుకే తగిలించి ఉందని చూసుకున్నాడు. ఆన్ చేశాడు. గీతలు అలాగే ఉన్నాయి. కాగితం మీద "1. లాభం లేదు" అని రాశాడు.

తర్వాత సేఫ్ మోడ్. అందులో కంప్యూటర్ ఏ కార్డు డ్రైవర్‌నూ లేపకుండా మామూలు బొమ్మతో సరిపెట్టుకుంటుంది. తెర తెరుచుకుంది. అక్షరాలు లావు లావుగా, పల్లెటూరి గోడ మీద ఎన్నికల రాతల్లా ఉన్నాయి. అడ్డంగీతలు మాయం. వణుకు లేదు. తెర అడుగున ఉండే పట్టీ అంచు మాత్రం మధ్యలో వంగే ఉంది. సేఫ్ మోడ్ బొమ్మంటే ఇంతేనేమో అనుకుని, ఆ సంగతి కాగితం మీద రాయలేదు. అన్నీ రాసుకునే మనిషి ఆ ఒక్కటీ రాయలేదు.

డ్రైవర్ల జాబితా చూపే డివైస్ మేనేజర్ తెరిస్తే అందులో పసుపు గుర్తుతో రెండు పేర్లు, మామూలుగా ఒకటి. ఒక్కొక్కదాన్నీ తీసేశాడు. మళ్లీ ఆన్ చేసేసరికి తీసేసినవాటిలో ఒకటి ఏమీ ఎరగనట్టు వచ్చి కూర్చుంది. వీరభద్రానికి ఒళ్లు మండింది. మళ్లీ తీసేశాడు. మళ్లీ వచ్చింది. శ్యాంసుందర్‌కు ఫోన్ చేస్తే, "నెట్ బంద్ చేసినవా అన్నా? అది నెట్ల నుంచి తెచ్చుకుంటాంది" అన్నాడు. నిజమే. ముందు తలుపు వేసుకోకుండా గదిలోంచి కోడిని వెళ్లగొడుతున్నాడు ఇంతసేపూ. నెట్ ఆపేసి, మూడోసారి తీసేసి, ఆన్ చేశాడు. ఈసారి ఏదీ రాలేదు.

పన్నెండయింది. పొద్దున వండిన అన్నంలో మజ్జిగ పోసుకుని నిలబడే తిన్నాడు. పెన్ డ్రైవ్ పెట్టి పాత డ్రైవర్ ఎక్కించాడు. ఆకుపచ్చ పట్టీ నింపాదిగా జరుగుతుంటే, చేతులు కట్టుకుని దాని ముందు నిలబడ్డాడు. చివరికి తెర ఒకసారి నల్లబడి, వెలిగి, నిలబడింది. వణుకు లేదు. గీతలు లేవు. పది నిమిషాలు చూశాడు, ఇరవై నిమిషాలు చూశాడు. నల్లబడలేదు.

ఎంత సంతోషమయిందంటే, "అయిపోయిందే!" అని వంటింటి వైపు తిరిగి అరిచాడు. అరిచాక నాలుక కరుచుకున్నాడు.

ఆట తెరిచాడు. కాజీపేటలో బండి కదిలింది. ఎండ, చెట్లు, కరెంటు స్తంభాలు అన్నీ వాటి వాటి చోట్లలో ఉన్నాయి. హసన్‌పర్తి సిగ్నల్ రావాలి. కళ్లు చిట్లించాడు. పట్టాలు దూరాన కలిసేచోట కొంచెం వంగి ఉన్నాయి, ఆ వంపు మీద పలచటి మబ్బు. సిగ్నల్ అందులోంచి ఒక్కసారిగా బయటపడింది, మీదికొచ్చాక. రెడ్. బ్రేకు లాగాడు. సిగ్నల్‌కు కాస్త ఇవతల బండి ఆగింది.

"ఇంకా ఉంది" అనుకున్నాడు. ఆట పక్కకు తోసి ఖాళీ తెర చూశాడు. కింది పట్టీ అంచు, బట్టలు ఆరేసిన తీగలా, మధ్యలో కిందికి దిగి ఉంది. ఫోటో తీశాడు. ఫోనులో ఫోటో తెరిచి చూస్తే అందులో కూడా గీత వంగే ఉంది. అమ్మయ్య, కెమెరాకు కూడా దొరికిందంటే డ్రైవరే ఇంకా ఎక్కడో మిగిలింది. శ్యాంసుందర్‌కు పంపాడు.

"మస్తున్నదన్నా!" అన్నాడు శ్యాంసుందర్. "మెకానిక్ పని గూడ నేర్చినవ్ పో."

"కింద గీత సూడు తమ్మీ. మధ్యల వంగింది."

"యాడన్నా?"

"మధ్యల. జర ఎడమకు."

అవతల ఎవరితోనో "ఒక్క నిమిషం అమ్మా" అనడం వినబడింది. "పెద్దగ జేసి సూసిన, స్కేలు గూడ పెట్టిన. గీత సీదాగనే ఉంది. నువ్వు ఊకె పరేషాన్ అయితానవ్" అన్నాడు.

వీరభద్రం ఫోన్ పక్కన పెట్టాడు. రమ కుట్టుమిషను సొరుగులో ఒక స్టీలు స్కేలు ఉండాలి. వెతికి తెచ్చాడు. తెర మీద, ఆ గీతకు ఆనించి పెట్టాడు.

స్కేలు కూడా వంగింది.

స్కేలును తీసి కిటికీ ముందు పట్టుకున్నాడు. వంగే ఉంది. తలుపు చట్టం వంక చూశాడు. సరిగ్గా చూపు ఆనిన చోట చట్టం వంగింది, చూపు జరిపితే వంపు కూడా దానితో జరిగింది. కుడి కన్ను చేత్తో మూశాడు. చట్టం నిటారుగా నిలబడింది. ఎడమ కన్ను మూశాడు. చట్టం వంగింది, మధ్యలో మబ్బు కమ్మింది.

అక్కడే నేల మీద కూర్చున్నాడు. ఇంట్లో చప్పుడల్లా కంప్యూటర్ ఫ్యానుదే. ఎంత మంచిగా తిరుగుతోందో! తన చేత్తో తుడిచి, తన చేత్తో బాగు చేసుకున్నాడు. అది బాగుపడబట్టే ఇక సాకు లేకుండా పోయింది. ఏడుపు వచ్చింది, ఏడ్చాడు. చూసేవాళ్లు లేని ఇంట్లో ఆపుకోవాల్సిన పనేముంది?

అప్పుడు తేజస్వి గుర్తొచ్చింది. ఏడాదిగా తన పక్క సీట్లో కూర్చునే అసిస్టెంట్, మరిపెడ పిల్ల. మొదట్లో సిగ్నల్ ఎప్పుడూ ఆయనే ముందు చెప్పేవాడు, ఆమె అందుకునేది. అంత దూరాన్నుంచి ఎట్ల చూస్తరు సార్ అని ఆశ్చర్యపోయేది. ఈ మధ్య ఆమే ముందు చెబుతోంది. ఒకసారి కాదు, ప్రతిసారీ. ఆయన అందుకుంటున్నాడు. "నాకంటె ముందు నీ నోరు ఉరుకుతాంది, ప్రమోషన్ కావాల్నా?" అని ఎగతాళి కూడా చేశాడు. ఆమె నవ్వలేదు. మొన్న జమ్మికుంట దగ్గర ఆమె "ఎల్లో సార్, ఎల్లో!" అని రెండుసార్లు అరిచింది. ఆయన "ఎల్లో" అని అందుకుని బ్రేకు వేశాడు. ఇప్పుడు తనను తాను అడుగుతున్నాడు: ఆ ఎల్లో చూసి చెప్పాడా, విని చెప్పాడా?

విని చెప్పాడు. వంటింట్లో రమ చెప్పినట్టే.

ఫోన్ మోగింది. డ్యూటీలు వేసే లాబీ నుంచి రాంప్రసాద్. "సార్, ఆరింటికి డ్యూటీకి సైన్ ఆన్. ఖాళీ గూడ్స్ రేక్, రామగుండం. తేజస్వి మేడమే మీ అసిస్టెంట్. రాసుకోనా?"

రాసుకో అంటే చాలు. తర్వాతి మెడికల్ పరీక్షకు ఇంకా ఎనిమిది నెలలుంది. అప్పటి దాకా ఎవరికీ తెలియదు. ఆమె చెబుతుంది, తను అందుకుంటాడు, బండి పోతుంది. ఎనిమిది నెలలు ఒక మనిషి గొంతు పక్కన ఉంటుంది.

"ఐదు నిమిషాలల్ల చేస్త, ఆగు" అన్నాడు. తేజస్వికి ఫోన్ చేశాడు.

"సార్, చెప్పున్రి. ఆరింటికంట కదా?"

"ఎప్పటిసంది తేజస్వీ?"

"ఏంది సార్?"

"నాకు సిగ్నల్ కనపడుత లేదని నీకు ఎప్పటిసంది తెలుసు?"

"బతుకమ్మ పండుగ ముందటిసంది" అంది ఆమె చిన్న గొంతుతో.

"నాకెందుకు చెప్పలే?"

"నేను చూస్తాన కద సార్. ఇద్దర్ల ఒక్కరికి కనపడితె చాలదా అనుకున్న. యాకయ్య సార్‌ను రోజు చూస్తనే ఉన్న. మిమ్మల్ని గట్ల కూసోబెట్టనీకి నాకు మనసొప్పలే."

"నువ్వు ఒక్కసారి తుమ్మితే?" వీరభద్రం గొంతు లేచింది. "కంట్ల నలక పడితే? వెనక యాభై తొమ్మిది డబ్బాలు తేజస్వీ! ఎదురుంగ ప్యాసింజర్ బండి! ఇద్దరి కండ్లు పెట్టింది ఎందుకు?"

ఆమె ఏడుస్తోంది. ఆయన కోపం అంతలోనే నీరుగారిపోయింది. తప్పు ఈ పిల్లదా? తనకు తోడు కరువైందని పసిగట్టి, అది కూడా పోనివ్వకుండా మూడు నెలలు తన కళ్లతో తోడుంది. ఇంట్లో మనిషి కూడా ఇంతకంటే ఏం చేస్తుంది?

"ఏడ్వకు బిడ్డా. నీ పేరు యాడ రాదు. నేనే చెప్త, కండ్లు మసకైతున్నయ్, దవాఖానకు పోత అని. ఇయ్యాల నీకు వేరే సార్ వస్తడు. ఆయనకు నువ్వే ముందు చెప్పకు. ఆయన కండ్లను గూడ పని చెయ్యనియ్యి."

"సార్, మరి మీరు..."

"నేను ఉంట." తెర మీద ఆటలో బండి ఇంకా హసన్‌పర్తి సిగ్నల్ ముందే ఆగి ఉంది. మబ్బు లేని కన్నుతో చూస్తే స్పష్టంగా కనబడుతోంది.

"తేజస్వీ."

"సార్."

"రెడ్" అన్నాడు, ఇంజనులో అన్నట్టే, గట్టిగా.

అని, అలవాటు కొద్దీ ఒక్క క్షణం ఆగాడు. అవతల ముక్కు ఎగబీల్చిన చప్పుడు అయింది.

"రెడ్, సార్."

ఆయన ఫోన్ పెట్టేసి లాబీ నంబరు నొక్కాడు.